వార్త లేని పరుగు

దావీదు కాలమున ఎఫ్రాయిము అడవిలో ఒక యుద్ధము జరిగెను. తండ్రిమీద తిరుగబడిన అబ్షాలోము ఓడిపోయి, చెట్టుకొమ్మలలో చిక్కుకొని ప్రాణము కోల్పోయెను. ఆ వార్తను రాజునకు చేర్చుటకు సేనాపతియైన యోవాబు ఒక కూషీయుని నియమించెను. అప్పుడు యాజకుడైన సాదోకు కుమారుడు అహిమయస్సు ముందుకు వచ్చి, తానును పరుగెత్తెదనని వేడుకొనెను. వార్త వేరొకనికి అప్పగింపబడినది, బహుమానమేమియు దొరకదు, రాజకుమారుడు చచ్చిన దినమున మోసికొనిపోదగిన శుభవార్తయు లేదు. ఈ సంగతులన్నియు యోవాబు అతనికి విప్పి చెప్పెను. అయినను ఆ యువకుడు మానలేదు. ఏమైనను సరే, తనను పరుగెత్తనిమ్మని మరల అడిగెను. చివరకు సెలవు దొరికెను. అతడు మైదానపు దారి పట్టి, తనకంటె ముందు బయలుదేరిన కూషీయుని దాటిపోయెను.

సమూయేలు రెండవ గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములోని ఈ వృత్తాంతమును బోధకులు సాధారణముగా దావీదు దుఃఖమును వివరించుటకే చదువుదురు. అయితే లేఖనములలో పరుగుకొరకే పరుగెత్తగోరిన మనుష్యుడు ఎవడైన కలడా అని వెదకినచో, అతడు ఈ అహిమయస్సే. చెప్పుటకు వార్త లేకపోయినను, పొందుటకు బహుమతి లేకపోయినను, కాళ్లు పరుగును కోరుచున్నవి. అట్టి కోరిక మంచిదా? ప్రయోజనము లేని సంతోషమునకు మనుష్యుని జీవితములో చోటు కలదా? ఉన్నచో దానికి హద్దు ఎక్కడ?

ఈ ప్రశ్న నేడు తెలుగు కుటుంబములలోనికి కూడ వచ్చినది. హైదరాబాదులో, విశాఖపట్నములో, విజయవాడలో తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు లేచి, బూట్లు బిగించుకొని, రన్నింగ్ క్లబ్బు మిత్రులతో కలిసి రోడ్డెక్కు బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వైద్యులు, గృహిణులు ఇప్పుడు అరుదుకారు. ఏడాదికి రెండు మూడు పందెములకు డబ్బు కట్టి, ఊళ్లు తిరిగి, 21 కిలోమీటర్లో 42 కిలోమీటర్లో పరుగెత్తి, మెడలో ఒక పతకముతో, కాళ్లలో నొప్పితో ఇల్లు చేరుదురు. వారు గెలుచువారు కారు. వేయిమందిలో ఆరువందలవవానిగా గమ్యము చేరి, గత సంవత్సరముకంటె నాలుగు నిమిషములు తగ్గినందుకు సంతోషించువారు. ఇంటిలోని పెద్దలకు ఇది అర్థముకాదు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని నేర్చుకొన్న తరమునకు, పాలు కూడ లేని పరుగు మరింత వింతగా తోచుట సహజమే.

అడిగినవారికి పరుగెత్తువాడు రెండు కారణములు చెప్పును. ఒకటి ఆరోగ్యము, రెండవది క్రమశిక్షణ. రెండును నిజమే గాని, రెండును అసలు కారణము కావు. ఆరోగ్యమునకు రోజూ అరగంట వేగముగా నడిచినను చాలును. 42 కిలోమీటర్లు అక్కరలేదు. ముప్పది కిలోమీటర్లు దాటిన తరువాత శరీరములో నిలువయున్న శక్తి అడుగంటి, తొడలు రాళ్లవలె బిగిసి, ప్రతి అడుగును బ్రతిమాలి వేయవలసిన స్థితిని ఎవడును ఆరోగ్యముకొరకు కోరుకొనడు. క్రమశిక్షణకు ఇంటి పనులే చాలును. అసలు కారణము చెప్పుటకు అతడు సిగ్గుపడును: అతనికి పరుగు ఇష్టము. చల్లని చీకటిలో తన శ్వాస, తన అడుగుల చప్పుడు ఒక లయలో కలిసిన ఆ పావుగంటలో, తాను ఎవరికిని బాకీలేనట్లును, ఎవరిమీదను కోపములేనట్లును అతనికి తోచును. డాంబరు రోడ్డు విడిచి క్రాస్ కంట్రీ పరుగునకో కొండబాటకో దిగినప్పుడు ఈ ఇష్టము రెట్టింపగును. అక్కడ వేరు ఉన్నది, గులకరాయి ఉన్నది, వాగు ఉన్నది. ప్రతి అడుగునకు కన్ను ముందుగా పోవలెను. నిన్నటి చింతకు గాని రేపటి చింతకు గాని అక్కడ తీరిక లేదు.

ఈ ఇష్టము పాపము కాదు. గడ్డి మైదానము కనబడగానే పరుగెత్తు పసివాడు ఏ లాభము కోరి పరుగెత్తుచున్నాడు? చెమట ద్వారా వేడిని విడిచి గంటలకొలది ఆగక సాగగల దేహమును, మడమపైనున్న బలమైన నరమును ప్రతి అడుగులోను విల్లువలె సాగి మరల ముడుచుకొనునట్లు చేసినవాడు, ఆ దేహము తన పనిలో ఆనందించుటను చూచి కోపపడునా? కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్త్మియా పందెములు జరుగుచుండెడివి. వాడిపోవు ఆకుల కిరీటమునకై పరుగెత్తినవారిని ఆ ఊరి సంఘస్థులు ఎరుగుదురు. పౌలు వారికి వ్రాయుచు పరుగును ఖండింపలేదు, దానిని ఉపమానముగా తీసికొనెను. నింద్యమైన దానిని ఎవరును ఆత్మీయ జీవితమునకు ఉపమానముగా ఎన్నుకొనరు.

అయితే పాపము కాని ప్రతి ఇష్టమును యజమానిగా మారవచ్చును. దానికి పరీక్ష యేమి? చాలమంది విశ్వాసులకు తెలిసిన ఎరిక్ లిడ్డెల్ జీవితములో ఒక జవాబు కలదు. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో నూరు మీటర్ల పందెము తొలి పరుగులు ఆదివారమున పడినందున అతడు దానిని విడిచిపెట్టి, నాలుగువందల మీటర్లలో 47.6 సెకండ్లకు స్వర్ణపతకము గెలిచెను. ఈ భాగము అందరును చెప్పుదురు. దాని తరువాతి భాగము అంతగా చెప్పబడదు. అతడు 1925లో మిషనరీగా చైనాకు వెళ్లెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943లో, జపాను సైన్యము అతనిని వెయిసీన్ శిబిరములో నిర్బంధించెను. తలిదండ్రులకు దూరమై అక్కడ చిక్కుకొన్న పిల్లలకు అతడు పాఠములు చెప్పెను, ఆటలు ఆడించెను. ఆదివారము మాత్రము ఆటలకు రాకుండెను. ఒక ఆదివారమున పిల్లలు తమంతట తాము హాకీ ఆడబోయి కొట్లాటకు దిగిరి. అటుతరువాత ఆదివారమున అతడే వచ్చి వారి ఆటకు మధ్యవర్తిగా నిలిచెను. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరములోనే కన్నుమూసెను. పతకముకొరకు సడలింపని నియమమును పిల్లలకొరకు సడలించెను. అతడు పరుగును ప్రేమించెను గాని దానిని క్రింద పెట్టగలిగెను. తన నియమమును ప్రేమించెను గాని అంతకంటె గొప్ప ప్రేమ పిలిచినప్పుడు దానిని కూడ క్రింద పెట్టగలిగెను. ఇష్టము దాసునిగా ఉన్నదా, యజమానిగా ఉన్నదా అని తెలిసికొనుటకు ఇంతకంటె మంచి కొలత లేదు. ఆదివారపు పందెములకు పోవు విశ్వాసులు ఎవరిని వారు కొలుచుకొనవలసిన కొలతయును ఇదే.

అంతటితో ప్రశ్న ముగిసినదా? లేదు. పరుగెత్తువాడు తన ఇంటికి, తన సంఘమునకు జవాబుదారి అని మాత్రమే ఇంతవరకు తేలినది. అతని కాళ్లక్రింద ఒక బాట ఉన్నది. ఆ బాట ఎవరిది? ఈ ప్రశ్న అడుగుటకు తెలుగునాటికి పొరుగుననే ఒక దేశము కలదు. అదియే బస్తరు.

బస్తరు తెలుగువారికి పరాయిది కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి అక్కడ రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము. 1948లో భారతదేశములో విలీనమగువరకు ఆ సంస్థానము నిలిచెను. భోపాలపట్నము, కోంటా ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడును. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకై 1960లలో వేసిన రైలుమార్గము విశాఖపట్నమును కిరందుల్‌తో కలిపినది. అరకు లోయ, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా ఆ బండి పోవును. జగదల్‌పూర్‌లో దిగి, కొండగావ్ మీదుగా రోడ్డున పోయినచో నారాయణపూర్ వచ్చును. దాని కావల అబూజ్‌మాఢ్ మొదలగును. తెలియని కొండలు అని ఆ పేరునకు అర్థము. దాదాపు 4,000 చదరపు కిలోమీటర్ల ఆ అడవి మాడియా గోండుల నివాసము.

ఆ నారాయణపూర్‌లో 2025 మార్చి 2, ఆదివారమున, అబూజ్‌మాఢ్ పీస్ హాఫ్ మారథాన్ అను 21 కిలోమీటర్ల పరుగు జరిగెను. రాష్ట్ర ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి దానికి హాజరయ్యెను. స్థానిక యువకులతోపాటు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు కలిసి వేలమంది పరుగెత్తిరి. అంతకు కొన్ని నెలల ముందు, 2024లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్ అను క్రీడోత్సవములో 1,65,000 మందికి పైగా పేర్లు నమోదు చేసికొనిరి. ఆయుధములు విడిచి లొంగిపోయినవారికిని, హింసలో అవయవములు కోల్పోయినవారికిని అందులో ప్రత్యేక స్థానము కల్పింపబడెను. ఒకప్పుడు సాయంకాలమైన తరువాత వాహనములు కదలని రోడ్లమీద వేలమంది పరుగెత్తుట చిన్న సంగతి కాదు. దానిని తేలికగా మాటలాడుట న్యాయము కాదు.

అయినను పట్టణమునుండి వచ్చిన పరుగెత్తువాడు ఒకడు ఆ బాటమీద నిలిచియున్నాడనుకొందురు గాక. మార్చి నెలలో ఇప్పపూలు రాలుచుండును. చెట్టుక్రింద ఎండుటాకులు కాల్చి, నేల శుభ్రముచేసి, తెల్లవారకముందే స్త్రీలు పిల్లలు వంగి పూలు ఏరుదురు. అతడు పందెముకొరకు లేచిన వేళకే వారు ఆకలికొరకు లేచిరి. అతడు ఏ బాటను చూచి మురియుచున్నాడో, ఆ బాటను వేసినది యంత్రము కాదు. ఉప్పుకొరకు సంతకు, నీటికొరకు చెలమకు, కట్టెలకొరకు అడవికి, రోగిని మంచముమీద మోసికొని ఆసుపత్రికి నడిచిన పాదములు తరతరములుగా తొక్కి తొక్కి వేసిన బాట అది. అతనికి అది వినోదము, వారికి అది బ్రతుకు. ఇందులో అతడు సిగ్గుపడవలసినది లేదు గాని, తెలిసికొనవలసినది ఉన్నది. ఒలింపిక్ క్రీడలలో మొదటి మారథానును 1896లో గెలిచిన స్పిరిడాన్ లూయిస్, నీళ్లు మోసి అమ్ముకొను గ్రామీణుడు. వినోదముగా పరుగెత్తువారి కిరీటమును మొట్టమొదట ధరించినవి, అవసరముచేత నడిచిన కాళ్లే.

అవసరముచేత నడిచిన అడుగులకంటె బరువైనవి భయముచేత పరుగెత్తిన అడుగులు. ఆ అడవి బాటలు వాటిని కూడ ఎరుగును. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత, ఆ దళములకును మావోయిస్టులకును నడుమ నలిగిన పల్లెలనుండి వేలమంది అడవి దారులను పట్టి పరుగెత్తి, నాటి ఖమ్మము, వరంగల్ జిల్లాలలో తలదాచుకొనిరి. తెలుగువారు గుత్తికోయలని పిలుచువారిలో అనేకులు అట్లు వచ్చినవారే. వారు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తిరో ఏ గడియారమును కొలువలేదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల మాటుదాడిలో 76 మంది జవాన్లు మరణించిరి. వారు కూడ ఎవరో తలిదండ్రులు పంపిన పేదయింటి కుమారులే. 2022 డిసెంబరులో, విశ్వాసము కారణముగా తమ పల్లెలనుండి వెళ్లగొట్టబడిన ఆదివాసి క్రైస్తవ కుటుంబములు వందలమందిగా నారాయణపూర్ చేరి, ఆ పట్టణపు క్రీడాస్థలములో ఆశ్రయము పొందిరి. పరుగెత్తువారు బిగ్గరగా నవ్వుచు కూడిన ఊరిలోనే, రెండు సంవత్సరముల ముందు క్రీడాస్థలపు నేలమీద తల్లులు చలిలో పిల్లలను పరుండబెట్టిరి.

మరియొక నడక తెలుగువారికి ఇంకను దగ్గరది. ఏటేటా మిరపకాయలు కోయుటకు బస్తరునుండి కూలీలు గోదావరి తీరపు పొలములకు వత్తురు. 2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడివలన బండ్లు నిలిచిపోగా, ములుగు జిల్లా పేరూరు మిరప చేలనుండి ఒక గుంపు బీజాపూర్ జిల్లాలోని తమ ఊరికి కాలినడకన బయలుదేరెను. వారిలో 12 ఏండ్ల బాలిక ఒకతె ఉండెను. మూడు దినములు అడవిలో నడిచి, ఇల్లు ఇంక కొంచెము దూరములో ఉన్నదనగా ఆమె ప్రాణము విడిచెను. ఆమె నడిచిన దూరము రెండు మారథాన్లను మించినది. దారిలో ఆమెకు నీళ్లందించు బల్లలు లేవు, చప్పట్లు కొట్టువారు లేరు, గమ్యమున పతకమును లేదు. తెలుగు ఇండ్లలోని పచ్చడి జాడీలలో ఆ చేతుల కష్టము కూడ ఉన్నది.

ఇవన్నియు తెలిసిన తరువాత పరుగెత్తువాడు ఏమి చేయవలెను? రెండు సులభమైన జవాబులు కలవు; రెండును తప్పే. మొదటిది, పరుగు మానుకొనుట. ఇందరు భయముతో పరుగెత్తిన చోట సంతోషముతో పరుగెత్తుట అపచారమని కొందరందురు. ఈ మాటలో భక్తి కనబడును గాని ప్రయోజనము లేదు. ఒకడు ఇంటిలో కూర్చుండి బాధపడినందున ఆ బాలిక తల్లికి ఓదార్పు కలుగదు. అంతేకాదు, శాంతి యనగా నేమి? తరుమువాడు లేకయే పరుగెత్తగల స్థితియే గదా! పిల్లలు అడవి బాటమీద కేరింతలు కొట్టుచు పరుగెత్తగలిగిన దినమే ఆ దేశమునకు శాంతి దినము. అట్టి పరుగును అపచారమనుట శాంతిని అపచారమనుటయే.

రెండవ తప్పు జవాబు, పరుగునే శాంతి యనుట. అహిమయస్సు కథలో మిగిలిన భాగమును ఇక్కడ చదువవలెను. దావీదు రెండు గుమ్మముల నడుమ కూర్చుండియుండెను. మిద్దెమీది కావలివాడు దూరమున ఒంటరిగా వచ్చుచున్న మనుష్యుని చూచి, అతని పరుగు తీరునుబట్టియే అహిమయస్సని గుర్తుపట్టెను. అంతటి పేరుపొందిన పరుగు అతనిది. అతడు మొదట చేరెను, బిగ్గరగా ఒక మాట పలికెను. మూల హెబ్రీ భాషలో అది షాలోము అను ఒకే పదము. శాంతి, క్షేమము అని దానికి అర్థము. వెంటనే రాజు తన కుమారుని క్షేమమునుగూర్చి అడిగెను. ఆ ప్రశ్నలోను అదే పదము ఉన్నది. చచ్చిన కుమారుని పేరులోను అదే పదము ఇమిడియున్నది. అహిమయస్సునకు సంగతి తెలియును, యోవాబు ముందుగానే చెప్పియుండెను. అయినను అతడు ఏదో గొప్ప అల్లరి చూచితినిగాని అదేమో తెలియలేదని తప్పించుకొనెను. రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమనెను. వెనుక వచ్చిన కూషీయుడు, పేరు కూడ వ్రాయబడని పరదేశి, నిజము చెప్పెను.

ఇదియే ఆ కథలోని బాధకరమైన పాఠము. అహిమయస్సు తప్పు పరుగెత్తుటలో లేదు. శాంతి అని కేకవేసి, అడవిలో పడియున్న మృతునిగూర్చి మౌనముగా ఉండుటలో ఉన్నది. నారాయణపూర్ పరుగు జరిగి మూడు నెలలు గడువకముందే, 2025 మే 21న, అదే అబూజ్‌మాఢ్ అడవిలో జరిగిన కాల్పులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు, మరి పలువురు మరణించిరి. అతడు శ్రీకాకుళం జిల్లాలో పుట్టి వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన తెలుగువాడు. అతడు ఎన్నుకొన్న ఆయుధమార్గము అనేక గృహములను చీకటి చేసినది. దానిని ఏ క్రైస్తవుడును సమర్థింపజాలడు. అయితే దావీదు విలపించినది ఎవరికొరకు? తనమీద కత్తి దూసిన తిరుగుబాటుదారునికొరకే. తండ్రి దుఃఖము తీర్పును రద్దుచేయలేదు, తీర్పు తండ్రి దుఃఖమును రద్దుచేయలేదు. పరుగుబాటకు శాంతి యని పేరుపెట్టుట మంచిదే. అది ఒక ప్రార్థనగా ఉన్నంతవరకు మంచిది. జరిగిపోయిన సంగతియని ప్రకటించినచో అబద్ధమగును.

కాబట్టి మూడవ జవాబు ఒకటి వెదకవలెను. అది మారథాను పుట్టుకలోనే దాగియున్నది. మారథాను యుద్ధభూమినుండి ఏథెన్సు నగరమునకు ఒకడు విజయవార్తను మోసికొని పరుగెత్తి, చెప్పి ప్రాణము విడిచెనని గ్రీకులు చెప్పుకొనిరి. చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినది వేరు. సహాయము కోరుటకై స్పార్టాకు పరుగెత్తిన దూతనుగూర్చి మాత్రమే అతడు చెప్పెను. కథ ఏదైనను, రెండింటిలోను పరుగెత్తినవాడు దూతయే. వానియొద్ద చెప్పవలసిన మాట ఉండెను. తరువాతి కాలము దూరమును జాగ్రత్తగా దాచుకొనెను. 1908లో లండనులో పరుగెత్తిన దూరమును 1921లో 42 కిలోమీటర్ల 195 మీటర్లుగా స్థిరపరచిరి. అంగుళములతోసహా కొలిచి దూరమును కాపాడిరి గాని, దానితోకూడ ఉండిన వార్తను ఎక్కడనో విడిచిపెట్టిరి.

బస్తరు బాటమీద పరుగెత్తువాడు ఆ విడిచిన దానిని మరల ఎత్తుకొనవలెను. అతని సంతోషమునకు పన్ను అదియే. అది భారమైన పని కాదు. మొదట, అతడు అతిథివలె పరుగెత్తవలెను. ఇరుకు దారిలో తలమీద గంప పెట్టుకొని ఎదురువచ్చు స్త్రీకి, వేగము తగ్గునని విసుగక, ప్రక్కకు తొలగి దారి ఈయవలెను. గడియారములో పోయిన ఆ పది సెకండ్లు అతని పరుగులో మిక్కిలి విలువైనవి. నీళ్లు త్రాగి పారవేసిన సీసాను ఆ అడవికి బహుమానముగా విడువరాదు. తాను నిలిచిన పల్లె పేరు అడిగి తెలిసికొనవలెను. గోండిలోనో హల్బీలోనో ఒక పలుకరింపు నేర్చుకొనవలెను.

తరువాత, ఇల్లు చేరినప్పుడు ఏమి చెప్పుచున్నాడో చూచుకొనవలెను. రైలు దిగిన వెంటనే మిత్రులు, ఎంత సమయము పట్టినదని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట తప్పుకాదు. అంతటితో ఆగుట మాత్రము అహిమయస్సు పని. తానెవరి బాటమీద పరుగెత్తెనో, ఆ బాటవెంబడి బడి ఎంతదూరమున ఉన్నదో, ఆసుపత్రి ఎంతదూరమున ఉన్నదో, అక్కడి తల్లులు ఎవరికొరకు ఎదురుచూచుచున్నారో అతడు చూచినంతవరకు చెప్పవలెను. తన మతస్థుల దుఃఖమును మాత్రమే ఏరి చెప్పుటయు సగము వార్తయే. వెళ్లగొట్టబడిన క్రైస్తవుని, ఖమ్మము అడవిలో గుడిసె వేసికొన్న గోండును, జవాను తల్లిని, అడవిలో మరణించిన యువకుని తల్లిని, అందరిని కలిపి చెప్పినదే వార్త. వినువాడు నొచ్చుకొనవచ్చును. రాజును నొప్పింపనివానిని రాజు ప్రక్కన నిలువబెట్టెను.

మరుసటి సంవత్సరము మిరప కోతకాలము వచ్చినప్పుడు, అతని ఊరి పొలములలోనికి బస్తరు కూలీలు మరల వత్తురు. అప్పుడు వారు అతని కంటికి కేవలము చవుక కూలీలుగా కనబడినయెడల, అతడు 21 కిలోమీటర్లు కన్నులు మూసికొని పరుగెత్తెనని చెప్పవలసియుండును. వారి రోజుకూలి న్యాయముగా ఇయ్యబడుచున్నదా, వారి పిల్లలు ఎండలో ఏమి త్రాగుచున్నారు, తిరిగిపోవు దారిలో వారికి బండి ఉన్నదా అని అతడు అడిగినయెడల, ఆ పరుగు వృథాపోలేదు. ప్రయోజనము లేని సంతోషముగా మొదలైనది పొరుగువాని క్షేమముగా ముగిసినది. పరుగెత్తునప్పుడు అతడు దానిని ఉద్దేశింపలేదు, ఉద్దేశింపనక్కరలేదు. సంతోషముతో పరుగెత్తుట అతని వంతు. పరుగెత్తిన దారిని మరచిపోకుండుటయు అతని వంతే.

కావలివాడు దూరమునుండియే అహిమయస్సు పరుగు తీరును గుర్తుపట్టెను. రాజు అతడు మంచివాడనియే పలికెను. ఆ మాటను లేఖనము వెనుకకు తీసికొనలేదు. అతని కాళ్లలో లోపము లేదు, అతని హృదయములోను దుర్మార్గము లేదు. అతడు కొరవడిన దొక్కటే, నోరు తెరువవలసిన చోట తెరువకపోవుట. మిద్దెమీద కావలివాడు నేటికిని చూచుచున్నాడు. అడవివైపునుండి ఎవడో పరుగెత్తి వచ్చుచున్నాడు. గుమ్మమునొద్ద తండ్రి, వచ్చువాడు ఎంత వేగముగా వచ్చెనని అడుగుటలేదు.